ఎడమ సీటు కాళ్ళకి వేడి

సెక్టర్ 2, భిలాయి
4 నవంబరు 2025

మహా ఘనత వహించిన బావగారి దివ్య సముఖమునకు,

ముందుగా క్షమాపణలు. ఈ ఉత్తరం రాస్తున్నందుకు ఒకటి. లెక్కల పేపర్లు దిద్ది అలసిన కళ్ళతో తమరు నా చేతిరాత చదవవలసి వస్తున్నందుకు ఇంకొకటి. మైన్‌పాట్ కొండ మీద చలి పడుతున్నందుకు, అక్కడ టవరుండీ సిగ్నలు లేనందుకు, మానవజాతి ఇంతవరకూ చేసినవీ ఇకమీదట చెయ్యబోయేవీ అయిన తప్పులన్నిటికీ పూర్తి బాధ్యత నాదేనని ఇందుమూలంగా ఒప్పుకుంటున్నాను. శిక్ష తమ ఇష్టం. ఇక అసలు నేరానికి వస్తాను.

అక్క కారు విప్పేశాను.

కంగారు పడకు బావా. నువ్వు ట్రాన్స్‌ఫరై వెళ్తూ క్వార్టరు వెనక షెడ్డులో పెట్టి వెళ్ళిన ఆ పాత మారుతికి ఇంజను ఎలాగూ పోయింది. బానెట్ ఎత్తితే లోపల ఒక కప్ప సకుటుంబంగా కాపురం చేస్తోంది. కుమ్హారిలో నేను పనిచేసే కొర్నేలి అంకుల్ వర్క్‌షాపులో మేం చేసేదే అది: పాత పెట్రోలు కార్లకి ఇంజను పీకి, మోటారూ బ్యాటరీలూ పెట్టడం. అక్క కారుకీ అదే చేస్తున్నాను. చలి ముదిరేలోపు నీకు చేరుస్తాను. ఆ కొండదారిలో బడికి బండి మీద వణుకుతూ వెళ్ళక్కర్లేదు.

ఒక్కటే చిక్కు. పెట్రోలు కారులో హీటరంటే ఇంజను దగ్గర కాగిన నీళ్ళే. ఇంజను లేని కారుకి వేడినీళ్ళు ఎవరు పెడతారు? అందుకని డాష్‌బోర్డు వెనక ఆ నీళ్ళ గొట్టాలుండే గూట్లో సిరామిక్ హీటరు పెడుతున్నాను. బిస్కెట్టంత పింగాణీ పలకలు, వాటికి అటూ ఇటూ అల్యూమినియం రెక్కలు. బ్యాటరీ నుంచి కరెంటిస్తే వేడెక్కుతాయి, వెనకనుంచి ఫ్యాను ఊదుతుంది. ఈ పలకలకో సుగుణం ఉంది. వేడెక్కిన కొద్దీ కరెంటు తక్కువ తాగుతాయి. ఎవరూ చెప్పకుండానే ఒక చోట ఆగిపోతాయి. మన కుటుంబంలో ఈ గుణం ఎవరికీ రాలేదు.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేంటి అంటావేమో. నువ్వు సిగ్నలు కోసం వాటర్ ట్యాంకు మెట్లెక్కి ఫోన్ చేస్తే మనిద్దరం ఏం మాట్లాడుకుంటున్నాం? 'తిన్నావా?' 'తిన్నాను. నువ్వు?' 'తిన్నాను.' ఆ తర్వాత గాలి చప్పుడు. అక్క పోయిన ఈ రెండేళ్ళలో ఒకరి తిండి గురించి ఒకరికి తప్ప ఇంకేమీ తెలియదు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ మనిద్దరి మాటలూ ఆవిడే మాట్లాడేసేది. మనం బావా బామ్మర్దులం భలే కలిసిపోయామని ఊరికే అనుకున్నాం.

అందుకని ఒక న్యాయసంబంధమైన ప్రశ్న. అమ్మా నాన్నా ఎప్పుడో వెళ్ళిపోయారు. పెంచిన అక్కా వెళ్ళిపోయింది. నాకు చుట్టమంటూ చెప్పుకోడానికి మిగిలింది నువ్వొక్కడివే. అక్క లేకపోయినా నువ్వు బావవేనా, లేక మాజీ బావవా? ప్రభుత్వ నిబంధనలు చూసి చెప్పగలవు.

తమ విధేయుడు, కప్పల కాపురం కూల్చిన పాపాత్ముడు,
అనిరుధ్


మైన్‌పాట్
13 నవంబరు 2025

ఒరే అనిరుధ్,

ఉత్తరం అందింది. చేతిరాత నీ నేరాలన్నిటిలోకీ పెద్దది.

కారు సంగతి. ముందు కోపం వచ్చింది. తర్వాత, షెడ్డులో తుప్పు పట్టడం కన్నా నీ చేతిలో పాడవడం నయమనిపించింది. కానియ్. లెక్క మాత్రం చూసుకున్నావా? నా అంచనా ప్రకారం ఆ హీటరు గంటసేపు వేస్తే పన్నెండు కిలోమీటర్ల దూరం తగ్గిపోతుంది. అంటే వెచ్చగా వెళ్తే దగ్గరికే వెళ్ళాలి, దూరం వెళ్ళాలంటే వణకాలి. పదో తరగతి వాళ్ళకి ఇదే లెక్క ఇచ్చాను. సగం మంది వెచ్చదనం వైపు, సగం మంది దూరం వైపు చీలిపోయి పోట్లాడుకున్నారు.

ఇక్కడ పొద్దున్నే గడ్డి మీద మంచు గట్టిపడి తెల్లగా ఉంటోంది. వీళ్ళు పాలా అంటారు. క్లాసులు ఆరుబయట ఎండలోనే. ఎండ జరిగితే మేమూ బోర్డు మోసుకుని జరుగుతాం. మధ్యాహ్నానికి నా ట్రిగొనామెట్రీ బడి గేటు దగ్గరికి చేరుతుంది. మా బయాలజీ టీచరు ఛాయ గారు నిన్న నాకో బొగ్గుల కుంపటి ఇచ్చారు. వాళ్ళ స్కూటీ ఈ చలికి స్టార్ట్ కాదు, ఆవిడ నడిచే వస్తారు.

ఒక్క మాట. హీటరు పెడితే ఎడమవైపు సీటు దగ్గర, కింద కాళ్ళకి వేడి బాగా తగిలేలా పెట్టు. నడిపేవాడికి స్టీరింగూ గేర్లూ ఏదో ఒక పనుంటుంది. పక్కన కూచున్నవాళ్ళకే చలి.

తిన్నావా అని అడగను.

రాజాబాబు


సెక్టర్ 2, భిలాయి
22 నవంబరు 2025

లెక్కల సార్వభౌమ బావకి,

ప్రయోగ నివేదిక సమర్పిస్తున్నాను.

సిరామిక్ పలకలు గూట్లో కూచున్నాయి. ఎడమ కాళ్ళ దగ్గరికి తమ ఆజ్ఞ ప్రకారం కొత్త గాలిగొట్టం వేశాను. ముందు వేడి లేకుండా ఫ్యాను ఒక్కటే పరీక్షిద్దామని స్విచ్చి వేశాను. వేడి సంగతి దేవుడెరుగు, గొట్టంలోంచి ఫల్లీ పొట్టు వచ్చి నా మొహాన కొట్టింది. ఒకసారి కాదు. ఆగకుండా, పెళ్ళిలో అక్షింతల్లాగా.

నీకు గుర్తుండే ఉంటుంది. అక్క చెప్పులు విప్పి, కాళ్ళు సీటు మీదకి ముడుచుకుని, ఫల్లీలు ఒలుస్తూ పొట్టు డాష్‌బోర్డు జాలీలో వేసేది. నువ్వు నడుపుతూ 'నీలిమా, అది డస్ట్‌బిన్ కాదు' అనేవాడివి. 'మరేటి, కారులో డస్ట్‌బిన్ పెట్టావేటి నువ్వు?' అనేది. నేను వెనక సీట్లోంచి మీ ఇద్దరి మధ్యా తల దూర్చి నా వాటా కోసం చెయ్యి చాపేవాణ్ణి. ఆ పొట్టు ఇన్నాళ్ళూ లోపలే ఉంది బావా.

నేను ఫ్యాను ఆపి బయటికొచ్చి నించున్నాను. కొర్నేలి అంకుల్ 'ఏమైందిరా అబ్బాయ్, కళ్ళు ఎర్రగా ఉన్నాయి?' అన్నారు. దుమ్మన్నాను. ఆయన హై వోల్టేజీ స్విచ్చి వేసే ముందు ప్రతిసారీ ప్రార్థన చేస్తారు. ఆ రోజు ఫ్యానుకి కూడా చేశారు.

బ్యాటరీలు పెట్టాక కారుని రోజూ ఇంటికి తెస్తున్నాను, ట్రయల్ అని పేరు పెట్టి. క్వార్టరు ముందు ఆపి, హీటరు వేసుకుని, అందులోనే కూచుని టిఫిన్ డబ్బా విప్పుకుంటున్నాను. లోపల ఇంట్లో మూడు గదులున్నాయి, మూడూ ఒక్కలాగే ఉన్నాయి. పక్క క్వార్టరు నూకమ్మ పిన్ని వచ్చి అద్దం మీద కొట్టి, 'ఏటిరా, కారుకి కుంపటెట్టీసినావంట? మరి ఇల్లెందుకురా నీకు, అద్దెకిచ్చీ' అంది. ఆలోచించదగ్గ సూచన.

లారీ కూడా మాట్లాడుతున్నాను. ఉన్న బ్యాటరీతో ఏకబిగిన అంత దూరం రాదు కాబట్టి, లారీ మీద ఎక్కించి అంబికాపూర్ దాకా పంపిస్తే నువ్వొచ్చి దింపించుకోవచ్చు.

పోతే, ఎడమవైపు కాళ్ళ గురించి ఇంత శ్రద్ధ తమకెందుకు పుట్టిందో తెలుసుకోవచ్చా? కుంపట్లు పంచిపెట్టే ఆ బయాలజీ శాఖ వారి గురించి కూడా వివరాలు కోరుతున్నాను. ఇది కేవలం ఇంజనీరింగ్ ఆసక్తి.

మాజీయో కాదో ఇంకా తేలని,
అనిరుధ్


మైన్‌పాట్
1 డిసెంబరు 2025

ఒరే,

ఆ పొట్టు పారేశావా?

ఇక్కడ బంగాళాదుంప చేలు పాలాకి మాడిపోయాయి. పిల్లలు సగం మంది పొలాల దగ్గరే ఉంటున్నారు. నిన్న క్లాసుకి ఆరుగురొచ్చారు. వేళ్ళు కొంకర్లు పోయి ఒక్కరూ కంపాస్ పట్టుకోలేకపోయారు. ఛాయ గారు గంగాళంతో నీళ్ళు కాచి, అందరి చేతులూ ముంచమన్నారు. ఆవిడ కాలి వేళ్ళు చలికి వాచిపోయి చెప్పులు పట్టడం లేదు. అయినా నడిచే వస్తున్నారు. చెప్తే వినే మనిషి కాదు.

నీ గురించి ఆవిడకి చెప్పాను. నీ ఉత్తరాల్లో నవ్వుకునే భాగాలు చదివి వినిపించాను కూడా. 'ఈ అబ్బాయి ఎప్పుడూ ఇలాగే రాస్తాడా?' అని అడిగారు. ఎప్పుడూ అన్నాను. 'పాపం' అన్నారు. ఎందుకు పాపమన్నారో నాకు తెలియలేదు.

ఎడమవైపు గాలి బాగా రావాలి. మరిచిపోకు. ఈసారి చలి నేను అనుకున్న దానికన్నా ఎక్కువగా ఉంది.

రాజాబాబు


సెక్టర్ 2, భిలాయి
10 డిసెంబరు 2025

గౌరవనీయులైన రాజాబాబు గారికి,

మీ ఉత్తరం అందింది. నా ఉత్తరాలు సభల్లో చదివి వినిపిస్తున్నారని తెలిసి ధన్యుడనయ్యాను. ఇకమీదట చక్కటి దస్తూరీతో రాస్తాను.

సాంకేతిక కారణాల వల్ల ఎడమవైపు వేడి సాధ్యం కాదని తెలియజేయడానికి చింతిస్తున్నాను. గాలి చాలదు. కుడివైపు మాత్రమే వస్తుంది. నడిపేవారికి పూర్తి సౌకర్యం ఉంటుంది.

అలాగే, మొన్న అక్క కారు డాష్‌బోర్డుకి పాక్షిక దహనం జరిగింది. ప్రాణనష్టం: ఒక ప్లాస్టిక్ జాలీ. క్షతగాత్రులు: ఒకరు, కుడి చెయ్యి. కారణం తమ బామ్మర్ది విద్యాధికత. ఇంట్లో వాడే రూం హీటరు నుంచి వేడి చూసి కట్ చేసే స్విచ్చి పీకి ఇందులో పెట్టాను. ఇంటి కరెంటు క్షణంలో వందసార్లు తనే ఆగి ఆగి వస్తుంది కాబట్టి అలాంటి స్విచ్చి దాన్ని ఆపగలదు. బ్యాటరీ కరెంటు ఆగదు, సూటిగా వస్తుంది. స్విచ్చి తెరుచుకోబోతే మధ్యలో నిప్పు లేచి, కొసలు రెండూ అతుక్కుపోయాయి. ఈ ప్రశ్నకి నేను కాలేజీ పరీక్షలో పూర్తి మార్కులు తెచ్చుకున్నాను. మనసు ఎక్కడో పెట్టి పనిచేస్తే చదువు ఏమాత్రం అక్కరకు రాదని నిరూపించాను.

కొర్నేలి అంకుల్ ప్రార్థన మధ్యలో ఆపి పరుగెత్తుకొచ్చారు.

ఇట్లు,
అనిరుధ్


మైన్‌పాట్
16 డిసెంబరు 2025

అనిరుధ్,

పని ఆపెయ్. ఇవాళే.

ఆ కారు నాకొద్దు. ఎవరికైనా అమ్మెయ్, ఎంతకైనా సరే. కొనేవాడు లేకపోతే ముక్కలు చేసి తుక్కు కింద ఇచ్చెయ్. దానికోసం ఇంకొక్క రోజు కూడా చెయ్యి పెట్టకు.

చెయ్యి డాక్టరుకి చూపించు.

రాజాబాబు


సెక్టర్ 2, భిలాయి
22 డిసెంబరు 2025

శ్రీమాన్ రాజాబాబు గారికి,

అభినందనలు. తుక్కు అన్నమాట.

తమరు రాసిన నాలుగు ముక్కలూ ఫ్యాక్టరీ హూటర్ మోగుతుండగా చదివాను కనుక సరిగ్గా వినపడలేదేమోనని మళ్ళీ చదివాను. సరిగ్గానే ఉంది. అక్క కారుని ముక్కలు చేసి తుక్కుకి ఇవ్వాలి. స్టీలు ప్లాంటు ఊరు కదా, పాత ఇనుము కరిగించి కొత్తది పోసుకోవడం ఇక్కడ మామూలే. ఇందులో బాధపడాల్సింది ఏముంది? కొత్త మనిషి కాళ్ళకి పాత మనిషి కారు పనికిరాదని ముందే చెప్పి ఉంటే ఫల్లీ పొట్టు మొహాన కొట్టించుకునే అవసరం నాకు తప్పేది.

నాకు అర్థమవుతోంది, నిజంగా. నీ వయసెంతని. ఆ కొండ మీద, ఆ చలిలో, ఒక్కడివీ. నేనే అయితే కుంపటి ఇచ్చిన మొదటి మనిషికి ఆస్తి రాసిచ్చేవాణ్ణి. ఈ మాటలన్నీ ప్రతి సాయంత్రం ఆ కారులో కూచుని నాకు నేను చెప్పుకుంటున్నాను. మధ్యలో నూకమ్మ పిన్ని వచ్చి, 'ఎవలితోటి మాటాడుతున్నావురా?' అంటోంది. 'ఫోనులో పిన్నీ' అంటున్నాను. చేతిలో ఫోను ఉండదు. ఆవిడా అడగదు.

కానీ నాకొక్క ముక్క ముందు చెప్పి ఉండాల్సింది బావా. ఆవిడ వాచిన వేళ్ళ గురించి కాదు. నా ప్రశ్నకి జవాబు. మొదటి ఉత్తరంలో అడిగాను, మూడు ఉత్తరాలు రాశావు, చెప్పలేదు. చెప్పకపోవడమే జవాబు అనుకోమంటావా?

కారు తుక్కుకి ఇవ్వను. నీకొద్దంటే నాకు కావాలి.

అనిరుధ్


మైన్‌పాట్
30 డిసెంబరు 2025

ఒరే బామ్మర్దీ,

నీ ఉత్తరం చదివి వాటర్ ట్యాంకు ఎక్కాను, ఫోన్ చేద్దామని. నీ నంబరు నొక్కి, రింగయ్యే లోపల కోసేశాను. 'తిన్నావా' అంటానని భయమేసింది. అందుకని దిగొచ్చి రాస్తున్నాను. నేను లెక్కల మేస్టర్ని, ఒక్కొక్కటిగా చెప్తాను.

దహనమని రాశావు. చెయ్యి కాలిందని రాశావు. నీ జోకుల్లోంచి ఎంత కాలిందో నేను ఎలా తీసుకోవాలి? మీ అక్క జ్వరంతో పడుకున్న రోజున కూడా, నేను డ్యూటీ మీద వేరే ఊళ్ళో ఉంటే, నువ్వు ఇలాగే ఫోన్‌లో 'పేషెంటు ప్లేట్‌లెట్లు స్ట్రైకు చేస్తున్నాయి' అని నవ్వించావు. నేను నవ్వుతూ బస్సెక్కాను. వచ్చేసరికి ఏం చూశానో నీకు తెలుసు. మళ్ళీ నీ ఉత్తరం చూసి నాకు ఆ బస్సు గుర్తొచ్చింది. అందుకే తుక్కుకి ఇమ్మన్నాను. కారు మీద కోపంతో కాదు. నువ్వు కూడా పోతావేమోనని. నువ్వు రాసిన ఆ పలకల సంగతి చదివినప్పుడే అనుకున్నాను, మన కుటుంబంలో ఆ గుణం ఎవరికీ లేదన్నావు గానీ, నీకుంది. విషయం వేడెక్కిన కొద్దీ నీ దగ్గర్నుంచి బయటికొచ్చేది తగ్గిపోతుంది.

ఎడమ సీటు. నువ్వు 'చేరుస్తాను' అని రాస్తే, నువ్వే నడుపుకుంటూ తెస్తావనుకున్నాను. దారిలో నాలుగు చోట్ల ఛార్జింగు పెట్టుకుని, కబుర్లు చెప్పుకుంటూ. లారీ మీద వేసి పంపుతావని నాకు తట్టలేదు. ఇక్కడికొచ్చాక స్టీరింగు నేను తీసుకుంటాను, నువ్వు పక్కన కూచుంటావు కదా అని ఎడమవైపు వేడి అడిగాను. అమర్‌కంటక్ వెళ్ళినప్పుడు నువ్వు వెనక సీట్లోంచి రెండు సీట్ల మధ్య నుంచి కాళ్ళు చాపి మీ అక్క ఒళ్ళో పెట్టావు, గుర్తుందా? ఆవిడ ముట్టుకుని, 'వీడి కాళ్ళూ నా కాళ్ళూ ఒకే ఫ్యాక్టరీ సరుకు బాబూ, పుట్టుకతోనే మంచు' అంది. నా మఫ్లరు లాక్కుని చుట్టింది. ఆ మంచు కాళ్ళే నేను అనుకున్నవి. నీవి.

ఛాయ. దీపావళి సెలవుల తర్వాత ఆవిడే పెళ్ళి మాట అడిగింది. ఆవిడకీ ఒకప్పుడు పెళ్ళయింది, నిలవలేదు. నేను సరే అనలేదు. కాదనీ అనలేదు. మా అమ్మ బతికున్నప్పుడు ఒక మాట ఖచ్చితంగా చెప్పేది, భార్య పోయినవాడు మళ్ళీ పెళ్ళి మాట ఎత్తాలంటే ముందు ఆ పోయిన పిల్లవైపు వాళ్ళ గుమ్మంలోకెళ్ళి అడగాలి, వాళ్ళు ఊఁ అన్నాకే అని. మా నాన్న చెల్లెలు పోయాక ఆవిడ భర్త అలాగే మా గుమ్మంలోకొచ్చి అడిగాడు. మీ అమ్మ లేదు, నాన్న లేరు. పిల్లవైపంటే ఇప్పుడు నువ్వొక్కడివే. చేతులు కట్టుకుని నిన్ను అడగాలి. ఉత్తరంలో అడిగే మాట కాదని, నువ్వు కారు తెచ్చినప్పుడు పక్కన కూచోబెట్టుకుని, వేడి తగులుతుండగా అడుగుదామని ఆగాను. ఈ సంగతి ఆవిడకి చెప్పాను. 'ఆ అబ్బాయి వచ్చేదాకా ఆగుదాం' అంది. నువ్వు కాదంటే కాదు. ఈ ముక్క ఆవిడకీ చెప్పాను.

ఇక నీ న్యాయసంబంధమైన ప్రశ్న. జవాబు రాయలేదంటే, అది ప్రశ్నని నాకు అనిపించలేదు. నీ జోకుల్లో ఒకటనుకున్నాను. ఒరే, బావ అనేది ఉద్యోగం కాదు, రిటైరవడానికి. పిల్లవైపు అనుమతి అడుగుతున్నవాడు మాజీ ఎలా అవుతాడు?

ఆఖరి ఉత్తరాల్లో నన్ను 'మీరు' అన్నావు. ఇంకెప్పుడూ అలా అనకు. చెయ్యి ఎలా ఉంది? ఈసారి నిజం రాయి.

బావ


సెక్టర్ 2, భిలాయి
7 జనవరి 2026

బావా,

చేతికి రెండు బొబ్బలు. చిన్నవి. మానిపోయాయి. ఇది నిజం.

మొదటి ఉత్తరంలో ప్రపంచంలోని తప్పులన్నీ నా నెత్తిన వేసుకున్నాను. వాటిలో ఒక్కటీ నేను చెయ్యలేదు, కప్పల సంగతి తప్ప. ఆ కప్ప కూడా ఇప్పుడు నూకమ్మ పిన్ని తులసికోట దగ్గర సుఖంగా ఉంది. నేను నిజంగా చేసింది ఒకటుంది. దాన్ని చివరికి ఉంచుతున్నాను, దారిలో ధైర్యం వస్తుందేమోనని.

ముందు కారు. అతుక్కుపోయిన ఆ స్విచ్చి పీకేసి, బ్యాటరీ కరెంటుని ఆపగలిగే సరైన స్విచ్చి పెట్టాం. దానికో ఫ్యూజు. ఫ్యాను తిరగకపోతే హీటరుకి కరెంటే అందకుండా కట్టుదిట్టం చేశాం. కరిగిన జాలీ స్థానంలో కొత్తది కుమ్హారిలోనే దొరికింది, రంగు కలవలేదు. కొర్నేలి అంకుల్ ఆర్టీవో కాగితాలు చేయించారు, బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన కూడా చేశారు, ఈసారి పొడుగ్గా. అందులో నీ పేరొచ్చింది. ఫల్లీ పొట్టు పారెయ్యలేదు. తిరిగి గొట్టంలోనే వేద్దామనుకున్నాను గానీ, వేడి దగ్గర పెట్టద్దని అంకుల్ తిట్టారు. పాత టిఫిన్ డబ్బాలో పోసి సీటు ముందున్న అరలో ఉంచాను. నువ్వే తెరిచి చూసుకో.

లారీ వద్దన్నాను. నేనే నడుపుకుంటూ వస్తున్నాను, పదిహేడో తేదీ శనివారం బయల్దేరి, ఛార్జింగు దొరికిన చోటల్లా ఆగుతూ. దారిలో హీటరు వెయ్యను. దూరం రావాలి కదా. నీ పదో తరగతి వాళ్ళకి చెప్పు, నేను వణికే పార్టీలో చేరానని.

ఇక పిల్లవైపు వారి నిర్ణయం. నిన్న సాయంత్రం క్వార్టరు ముందు, ఆగి ఉన్న కారులో, పిల్లవైపు పెద్దల సమావేశం జరిగింది. హాజరైన సభ్యుడు: ఒకడు. అధ్యక్షుడూ, కోశాధికారీ, అసమ్మతి వర్గమూ వాడే. అసమ్మతి వర్గం చాలాసేపు మాట్లాడింది. 'అక్క సీటు' అంది. 'అప్పుడే' అంది. 'మరి నేను?' అని కూడా అంది. అధ్యక్షుడు అన్నీ విని, ఆవిడ బతికుంటే ఏమనేదో ఆలోచించాడు. 'ఏటిరా, ఆ పిల్ల కాలివేళ్ళు వాచిపోతుంటే మీరిద్దరూ ఉత్తరాలు రాసుకుంటున్నారేటి?' అనేది. ఇంకేమీ అనేది కాదు. సభ ముగిసింది. తీర్మానం ఏకగ్రీవం. నువ్వు గుమ్మంలోకి రానక్కర్లేదు, గుమ్మమే నీ దగ్గరికొస్తోంది.

ఒక్క సవరణ. ఎడమ సీటు నాకొద్దు. అది ఛాయ గారిది. నేను వెనక కూచుంటాను, మీ ఇద్దరి మధ్యా తల దూర్చి. అది నా పాత సీటే, నాకు బాగా అలవాటు. మేజోళ్ళు కొనుక్కున్నాను. ఆవిడకి ఫల్లీలు ఇష్టమో కాదో కనుక్కుని ఉంచు.

ఇక ఆ ఒక్కటి.

గాలి చాలదని రాశాను కదా. అబద్ధం. గాలి బాగా వచ్చేది, కాళ్ళు పెడితే మోకాళ్ళ దాకా వెచ్చగా ఉండేది. ఆవిడ కాలివేళ్ళ గురించి నీ ఉత్తరం అందిన రోజున, ఎడమవైపు గొట్టం మూతికి అల్యూమినియం రేకు కోసి నాలుగు రివెట్లు కొట్టాను. ఒక్కొక్కటీ కొడుతూ నేను న్యాయమే చేస్తున్నాననుకున్నాను. స్విచ్చి తప్పు పెట్టింది కూడా ఆ మధ్యాహ్నమే. ఆ సీటు నా కోసం అడిగావని తెలియక, నా కాళ్ళకి నేనే కొట్టుకున్నానని నీ ఉత్తరం చదివాక నవ్వొచ్చింది. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఎవరి కాళ్ళకైతే ఏంటి బావా, కొట్టింది చలిలో ఉన్న మనిషి మీదే కదా.

ఇవాళ పొద్దున రివెట్లు డ్రిల్ చేసి రేకు తీసేశాను. గాలి మళ్ళీ వస్తోంది. గొట్టానికి నాలుగు చిల్లులు మిగిలాయి. పూడుద్దామని టేపు కూడా కోశాను. కానీ స్విచ్చి వేసి వెనక సీట్లో కూచుని చూస్తే, ఆ చిల్లుల్లోంచి సన్నగా వేడి నా వైపే వస్తోంది. అందుకని వాటిని అలాగే వదిలేశాను.

అనిరుధ్